బాల్ పైథాన్‌కు వేడి: కింద మ్యాటా, పైన హీటరా?

"మ్యాట్ చవక కదా, అది చాలదా?" బాల్ పైథాన్‌ని (ఆఫ్రికా జాతి చిన్న కొండచిలువ) కొత్తగా తెచ్చుకున్నవాళ్లు మళ్లీ మళ్లీ అడిగేది ఇదే. చాలదనే నా మాట. మ్యాట్ అంటే పెట్టె అడుగున అంటించే, కరెంటుతో వేడెక్కే పలచని పరుపు. దానిలో బలం లేక కాదు, కింద పరిచే పొట్టుతో దానికి పొసగక.

వెచ్చని వైపు పాము పడుకునే చోట 31–33 డిగ్రీలు, చల్లని వైపు 25–27 ఉండాలి. తేమ 60–70 శాతం. తగ్గితే కుబుసం ముక్కలుగా ఊడుతుంది, కళ్ల మీది పొర అలాగే ఉండిపోతుంది. ఆ తేమ నిలవాలంటే తడి కొబ్బరిపొట్టు 7–10 సెంటీమీటర్ల మందాన పరవాలి. చిక్కంతా అక్కడే. పెట్టె అడుగున అంటించిన మ్యాట్ వేడికి ఆ మందం అడ్డం. వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ ప్రోబ్‌ను, అంటే వేడి కొలిచే దాని తీగ కొనను, పొట్టు మీద పెట్టారనుకోండి: పైన 28 దాటదు, మ్యాట్ ఆగదు, అడుగున గాజు 45 కూడా దాటిపోవచ్చు. వెచ్చదనం కోసం పొట్టు తవ్వుకుంటూ పాము ఆ గాజు మీదికే దిగుతుంది. పొట్ట కాలుతున్నా లేవకుండా పడుకునే ఉంటుంది.

ప్రోబ్‌ను గాజుకీ మ్యాట్‌కీ మధ్య పెట్టి 34 దగ్గర ఆపితే ఆ ప్రమాదం తప్పుతుంది. అప్పుడు పొట్టు దాటి పైకి వచ్చే వేడి ఉండదు, గాలి ఎలాగూ వేడెక్కదు. పొట్టు పలచన చేస్తే తేమ పోతుంది. కాగితం పరిచిన చిన్న ప్లాస్టిక్ డబ్బాలో, కొత్త పామును కొన్ని వారాలు విడిగా ఉంచే చోట మాత్రం మ్యాట్‌కు వంక పెట్టను.

పైనుంచి వేడిచ్చేవాటిలో పగటికి హాలోజన్ బల్బు మేలు. నేలనీ, పాము ఒంటినీ లోపలిదాకా వెచ్చబరుస్తుంది. వెలుగుంటుంది కాబట్టి రాత్రికి పనికిరాదు. సెరామిక్ హీటర్‌కు వెలుగు లేదు, గాలిని బాగా వేడెక్కిస్తుంది, కాని చుట్టూ తేమ పీల్చేస్తుంది. దాని ఒళ్లు 200 డిగ్రీలు దాటుతుంది, ప్లాస్టిక్ హోల్డర్ కరిగిపోతుంది, పింగాణీదే వాడాలి. డీప్ హీట్ ప్రొజెక్టర్ ఈ రెంటికీ మధ్యస్థం: వెలుగు లేకుండా, సెరామిక్ కంటే లోతుకు దిగే వేడి. నాలుగడుగుల పెట్టెకు పగలు హాలోజన్, రాత్రి గది 23 కంటే చల్లబడితే 80 వాట్ల ప్రొజెక్టర్, ఇదీ నా ఎంపిక. ఒక్కటే కొనే వీలుంటే ప్రొజెక్టరే కొనండి.

దేనికి ఏ థర్మోస్టాట్ అన్నది చూసుకోండి. హాలోజన్‌కీ ప్రొజెక్టర్‌కీ డిమ్మింగ్‌ది, అంటే కరెంటును కొద్దికొద్దిగా పెంచి తగ్గించేది, కావాలి. ఆన్-ఆఫ్ రకం పెడితే బల్బు వెలుగుతూ ఆరుతూ త్వరగా పోతుంది. సెరామిక్‌కు పల్స్ రకం (కరెంటును చిన్న చిన్న విడతలుగా పంపేది), మ్యాట్‌కు ఆన్-ఆఫ్ చాలు. ప్రోబ్‌ను బల్బు కింద, పాము వీపు ఎత్తున, కదలకుండా బిగించండి. వదులుగా వదిలేస్తే పాము దాన్ని నీళ్లగిన్నెలోకి నెట్టేస్తుంది. థర్మోస్టాట్ చలేస్తోందనుకుని హీటర్‌ను పూర్తి వేడితో నడిపిస్తుంది. తాకకుండానే వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో పడుకునే చోటు కొలిచి చూడనిదే పామును లోపల పెట్టకండి. పెట్టె లోపలే హీటర్ వేలాడితే చుట్టూ తీగ వల తప్పనిసరి, లేకపోతే పాము హీటర్‌నే చుట్టుకుంటుంది. జాలీ మూతున్న గాజు తొట్టెలో వేడీ తేమా రెండూ ఎగిరిపోతాయి. దీపం చుట్టూ జాగా వదిలి మిగతా మూత మీద అల్యూమినియం ఫాయిల్ కప్పండి.

ఎర్ర బల్బులు, హీట్ రాక్‌లు (కరెంటుతో వేడెక్కే నకిలీ రాళ్లు) వద్దు.

అమెరికా నుంచి 120 వోల్టుల బల్బు తెచ్చి ఇక్కడి 230కి తగిలించకండి, వెంటనే పోతుంది. హైదరాబాద్‌లో మే నెలలో గదే 38 ఉంటే హీటర్ల మాట అటుంచి ఏసీ చూసుకోవాలి. ఇక్కడ బాల్ పైథాన్‌ని పెంచేవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. మన జెర్రిపోతునో, కొండచిలువనో పెంచుకుంటానంటే 1972 వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు.