జపనీస్ యాప్‌తో రెండున్నరేళ్లు: ఆ పచ్చ రంగు గురించి నాలుగు మాటలు

ఫోన్‌లో కార్డులు తిప్పుతూ పదాలు నేర్చుకునే యాప్ ఎలా ఉంటుందో మీకు తెలిసే ఉంటుంది. అదంతా వదిలేస్తున్నా. పేరు కూడా చెప్పను, తప్పులో సగం నాదే కాబట్టి. నా గొడవంతా అందులోని పచ్చ రంగుతోనే.

'వచ్చింది' అని నొక్కేకొద్దీ ఒక పదాన్ని మళ్లీ అడిగే గడువు పెరుగుతూ పోతుంది. అది 21 రోజులకు చేరితే యాప్ ఆ పదాన్ని ముదురు పచ్చలో వేస్తుంది. ఇక ఆ పదం మనకు వచ్చేసినట్టు. అనంతపురంలో ఒక నూనె మిల్లులో లెక్కలు రాస్తాను నేను. అంకె పెరుగుతుంటే నాకు అన్నం కూడా అక్కర్లేదు. పొద్దున లారీలు వచ్చేలోపు పావుగంట, రాత్రి పడుకునే ముందు పావుగంట. రెండేళ్లలో పచ్చ పదాలు 1,640 అయ్యాయి. జపనీస్‌లో నాలుగు మాటలు మాట్లాడే తోడు ఊళ్లో నాకు దొరకలేదు. 'కియాలో చేరేదానికా?' అని అడిగేవాళ్లే అందరూ. కియా కొరియా వాళ్లదని చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. నాకు ఎంత వచ్చిందో చెప్పడానికి మిగిలింది ఆ రంగొక్కటే.

2024 డిసెంబరులో బెంగళూరు వెళ్లి, జపనీస్ ఎంత వచ్చో తేల్చే పరీక్షలో కింది నుంచి రెండో మెట్టు, జేఎల్‌పీటీ ఎన్4 రాశాను. జనవరిలో ఫలితం వచ్చింది. 180కి 102. పాసవడానికి 90 చాలు. అయినా ఫెయిలే! వినే భాగంలో 60కి కనీసం 19 రావాలి, నాకు 18 వచ్చాయి.

ఆ 18 ఎందుకొచ్చాయో హాల్లోనే అర్థమైంది. ఆడియో ఒక్కసారే వినిపిస్తారు. 'తింటున్నాడు' అనడానికి నా కార్డులో 'తబెతెఇరు' అని ఉంది. అక్కడ ఎవరో 'తబెతెరు' అన్నారు. ఇదేం కొత్త పదమబ్బా అని ఆలోచించేలోపు ప్రశ్న వెళ్లిపోయింది. పుస్తకంలో 'తింటున్నాను' నేర్చుకుని అనంతపురంలో బస్సు దిగినవాడికి 'తింటాండా' అని వినబడితే ఎట్లుంటుంది? అట్లుంది నా పని. 'చేయకపోతే' అనే 'షినకెరెబ' కూడా వాళ్ల నోట్లో 'షినక్య' అయిపోతుందని తర్వాత తెలిసింది.

ఫలితం వచ్చిన ఆదివారం 40 పచ్చ పదాలను తెలుగు లిపిలో రాసి, ఎనిమిదో తరగతి చదివే మా అక్క కూతురి చేతికిచ్చి చదవమన్నాను. జపనీస్ పలుకు రాసుకోవడానికి మన లిపి బాగా కుదురుతుంది. 'ఒబసన్' అంటే అత్త, పిన్ని. 'ఒబాసన్' అంటే అవ్వ. 'కితె' అంటే వచ్చి, 'కిత్తె' అంటే పోస్టల్ స్టాంపు. దీర్ఘాలూ ద్విత్వాలూ మనకు పుట్టుకతో వచ్చినవే కదా, పాపకు కష్టం కాలేదు. కష్టమంతా నాకే. 40కి 23 పదాలకే అర్థం చెప్పగలిగాను. 'అన్నీ వచ్చంటివే మామా!' అంది.

తర్వాత కార్డులు తీసి చూస్తే విషయం బయటపడింది. నేను పదాన్ని గుర్తుపట్టడం లేదు, కార్డును గుర్తుపడుతున్నాను. ఒక కార్డులో ఉదాహరణ వాక్యం మూడు వరుసలు ఉంటుంది. ఇంకోదాంట్లో అచ్చుతప్పు ఉంది. ఆ అచ్చుతప్పు కనబడగానే జవాబు నోటికొచ్చేస్తుంది. పైగా కాస్త తడబడినా 'వచ్చింది' బటనే నొక్కేవాణ్ణి. మా నాయనకు చెబితే 'చెనిక్కాయ చెట్టు పచ్చగుంటే అయిపాయనా, పీకి సూడల్ల' అన్నాడు.

ఫిబ్రవరి నుంచి మిల్లులో వాడే పొడుగు పుస్తకం ఒకటి తెచ్చుకుని అందులో రాస్తున్నాను. ప్రతి ఆదివారం జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే సులభ జపనీస్ వార్త ఒకటి. ముందు చూడకుండా వినాలి, అర్థమైంది రెండు వాక్యాల్లో తెలుగులో రాయాలి, తర్వాత అచ్చులో చూసి ఎన్ని చోట్ల చెవి తప్పిందో లెక్కపెట్టాలి. మొదటివారం 14. ఆగస్టుకు 6. ఆ 6 చూసి పొంగిపోయినంతగా 1,640 చూసినప్పుడు కూడా పొంగలేదు.

సెప్టెంబరులో ఒకవారం 2 వచ్చింది. అప్పుడే అనుమానం కూడా వచ్చింది. వరసగా మూడువారాలు తుఫాను వార్తలే ఎంచుకున్నాను, గాలి, వాన, జాగ్రత్త, అవే పదాలు. తర్వాతివారం బడి భోజనం గురించిన వార్త తీస్తే 11కు పోయింది. ఇంకో సంగతి, ఆ వార్తలు నిదానంగా, మర్యాదగా చదువుతారు. నన్ను ముంచిన 'తబెతెరు' అక్కడ వినబడదు. కాబట్టి నా పుస్తకాన్ని కూడా మరీ ఎక్కువ పొగడలేను.

అంతకుముందు కింది మెట్టు ఎన్5 పాసైనప్పుడు, యాప్ ఒక్కటే చాలని ఒక స్నేహితుడికి గట్టిగా చెప్పాను. చదవడం వరకైతే ఇప్పటికీ అదే చెబుతాను. అతను బెంగళూరులో క్లాసుకు పోతాడు, అక్కడ ఎదురుగా మనిషి ఉంటాడు, అతనికి ఈ తిప్పలు లేకపోవచ్చు. నాలాగా ఒంటరిగా చదివేవాళ్లయితే, వారానికోసారి ఎవరిచేతనైనా పదాలు చదివించుకుని ఆ తర్వాత పచ్చ రంగును నమ్మండి.

డిసెంబరు పరీక్షకు మళ్లీ ఫీజు కట్టాను. యాప్‌లో పచ్చ పదాలు 2,100 దాటాయి. పొద్దున్నే ఆ అంకె చూడటం మాత్రం మానలేకపోతున్నా. పోయిన ఆదివారం పుస్తకంలో రాసుకున్నది 7.