పాత టాటా లారీకి డీజిల్ అందకపోతే: ఫీడ్ పంపు బాగుచేయించాలా, కరెంటు పంపు పెట్టించాలా?

1954లో జంషెడ్‌పూర్‌లో మెర్సిడెస్ బెంజ్ సహకారంతో తయారీ మొదలై, 1969లో ఆ ఒప్పందం ముగిశాక టాటా గుర్తుతోనే కొనసాగిన లారీలను ముచ్చటపడి నిలబెట్టుకున్నవారికి తరచూ ఎదురయ్యే చిక్కు ఒకటుంది. పొద్దున్నే బండి ఎంతకీ అందుకోదు, లేదా లోడుతో ఎత్తు ఎక్కుతూ సగంలో ఊపిరి ఆగినట్టు ఆగిపోతుంది. మెకానిక్ దగ్గరికి వెళితే రెండు సలహాలు వినిపిస్తాయి: ట్యాంకు నుంచి డీజిల్‌ను లాగి ఇంజను వైపు పంపే పాత ఫీడ్ పంపును విప్పి బాగుచేయించమని ఒకటి, ట్యాంకు దగ్గర కరెంటు పంపు పెట్టించి బాధ వదిలించుకొమ్మని ఇంకొకటి.

డీజిల్‌ను గట్టిగా నొక్కి ఇంజనులోకి పంపేది ఇంజెక్షన్ పంపు. దాని పక్కనే బిగించి ఉండే ఫీడ్ పంపును ఇంజెక్షన్ పంపులో తిరిగే క్యామ్ షాఫ్టు అనే ఇరుసే ఆడిస్తుంది. అందులో ఉండేవి ఒక చిన్న పిస్టను, ఒక స్ప్రింగు, రెండు వాల్వులు, ఎయిర్ తీయడానికి, అంటే పైపుల్లో చేరిన గాలిని బయటికి పంపడానికి, చేత్తో కొట్టే ప్రైమరు మాత్రమే కనుక చెడిపోవడానికి అవకాశం తక్కువ, చెడితే బాగుచేయడమూ తేలికే. వాల్వు కింద చిన్న నలక ఇరుక్కున్నా, వాల్వు కూర్చునే చోటు అరిగినా రాత్రంతా డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది. పొద్దుటి మొరాయింపుకు చాలాసార్లు కారణం ఇదే. ఎత్తు మీద ఆగిపోవడం మాత్రం వేరే జబ్బు. అక్కడ ఫిల్టరో, పంపు ముందున్న జల్లెడో, ట్యాంకు మూతలోని గాలి రంధ్రమో మూసుకుపోయి ఉంటుంది. బండి ఆగిన వెంటనే మూత వదులు చేసినప్పుడు 'స్స్' అని గాలి లోపలికి వెళ్లిన చప్పుడు వినిపిస్తే, పంపు మార్చే ఖర్చు ఆ రంధ్రాన్ని పొడిచే ఒక సన్నని తీగతో తప్పిపోయినట్టే.

కరెంటు పంపును మెచ్చుకోవలసిన చోట మెచ్చుకోవాలి. ఫీడ్ పంపు ట్యాంకు నుంచి డీజిల్‌ను పీలుస్తుంది. కనుక ఆ దారిలో ఎక్కడ సందు ఉన్నా డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. కళ్లకు కనిపించని ఈ లోపమే మెకానిక్‌ను రోజుల తరబడి తిప్పుతుంది. గాలి చేరితే ఇంజెక్షన్ పంపులో డీజిల్‌ను నొక్కే ప్లంజరు ఆ గాలిని నొక్కుతూ ఉండిపోతుంది తప్ప, డీజిల్‌ను ఇంజనులోకి చిమ్మే నాజిల్ తెరుచుకోదు. అదే ట్యాంకు దగ్గర కరెంటు పంపు పెట్టి నెట్టితే, పైపును బిగించే బోలు బోల్టు (బంజో బోల్టు) కింద అరిగిన రాగి వాషరు దగ్గర చెమట పట్టినట్టు డీజిల్ బొట్టు కనిపిస్తుంది. నెలల తరబడి షెడ్డులో నిలిచే బండికి, పైపులు నింపడానికి ప్రైమరును పదేపదే కొట్టే శ్రమ కూడా తప్పుతుంది.

అయితే అదే గుణం దాని దోషం కూడా. నెట్టుడు బలంతో బండి నడిచిపోతుంది కనుక వాషరు మార్చాలన్న తొందర ఎవరికీ ఉండదు, పైపు మాత్రం ఛాసిస్ వెంట కారుతూనే ఉంటుంది. ఇంజను ఆగితే ఫీడ్ పంపు తనంతట తానే ఆగుతుంది. కరెంటు పంపు అలా ఆగదు, అందువల్ల ఇంజను ఆయిల్ ప్రెజర్ పడిపోగానే పంపును ఆపేసే కట్-ఆఫ్ స్విచ్ లేకుండా, బండి నడిచినంతసేపూ దాన్ని ఆడించేలా పెట్టించడం నాకు సమ్మతం కాదు. చాలామంది చేసే పొరపాటు మరొకటుంది: చేతికి దొరికింది కదా అని పెట్రోలు ఇంజెక్షన్ కార్ల పంపు తెచ్చి బిగిస్తారు. పాత డీజిల్ వ్యవస్థకు కావలసినది తక్కువ ప్రెజర్‌తో డీజిల్ కోసమే చేసిన పంపు. బ్యాటరీ 12 వోల్టులా 24 వోల్టులా అన్నది చూసి మరీ కొనాలి.

ఈ రెండింటిలో ఏదీ ఎంచుకోకముందే చేయవలసిన పరీక్ష ఒకటుంది. శుభ్రమైన క్యాను నిండా డీజిల్ పోసి, ఇంజను కన్నా ఎత్తులో కదలకుండా కట్టి, దాని పైపును నేరుగా ఫీడ్ పంపుకు కలిపి, ఎయిర్ తీసి స్టార్టు చేయాలి. బండి చక్కగా నడిస్తే జబ్బు చాలావరకు ట్యాంకుకూ పంపుకూ మధ్య ఉన్నట్టు. అప్పుడు ఏ పంపూ మార్చకముందే పైపులు, వాషర్లు, ట్యాంకులోని తుప్పు చూడాలి. క్యాను మీద కూడా అలాగే ఆగిపోతుంటే ఫీడ్ పంపు, ఫిల్టర్లు, ఆ తరవాత ఇంజెక్షన్ పంపు వరుసగా చూడాలి. అనుమానం ఇంకా మిగిలితే ఫీడ్ పంపు ముందు జానెడు పారదర్శకమైన పైపు ముక్క వేసి చూడవచ్చు. అందులో బుడగలు వరుసగా పరుగెత్తుతుంటే ఎవరి మాటా వినవలసిన పని ఉండదు.

నా ఓటు ఫీడ్ పంపుకే. వారానికోసారైనా తిరిగే బండికి వాల్వులు, స్ప్రింగు, సీళ్లు మార్చి పాతదాన్నే ఉంచుకోవడం మేలు. ఎక్కువ కాలం కదలని బండికి మాత్రం, ఫీడ్ పంపును తీసేయకుండా, దానికి ముందు వరుసలో కరెంటు పంపును చేత్తో వేసి ఆపే స్విచ్‌తో పెట్టించి, స్టార్టయ్యేవరకే వాడుకోవచ్చు. కాకపోతే ఆ కరెంటు పంపు ఆగి ఉన్నప్పుడు తనగుండా డీజిల్‌ను పోనిచ్చే రకమా కాదా అన్నది కొట్టులోనే అడిగి తీసుకోవాలి.