నేల పునరుద్ధరణ చదవాలంటే ఏది మేలు: ఇంజనీరింగా, ఎకాలజీయా, సాయిల్ సైన్సా?

గని తవ్వేసి వదిలేసిన భూమి, చౌడు పట్టిన పొలం, కోసుకుపోయిన కొండవాలు. ఇలాంటివాటిని మళ్లీ బాగుచేసే పని నేర్చుకోవాలంటే ఏ డిగ్రీలో చేరాలని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. ల్యాండ్ రిహాబిలిటేషన్ అనే పేరుతోనే కోర్సు నడిపే యూనివర్సిటీలు తక్కువ. ఈ పనిలో ఉన్నవాళ్లలో ఎక్కువమంది సివిల్ లేదా మైనింగ్ ఇంజనీరింగ్, ఎకాలజీ, సాయిల్ సైన్స్, ఈ మూడింట్లో ఏదో ఒకటి చదివి వచ్చినవాళ్లే. నేను మొదట ఎకాలజీ చదివి, పీజీకి సాయిల్ సైన్స్‌కి మారాను. కాబట్టి నా మొగ్గు ఎటో ముందే తెలిసిపోతుంది. అయినా మిగతా రెండింటికీ అన్యాయం చేయకుండా చెప్పడానికే చూస్తాను.

ముందు ఇంజనీరింగ్. మట్టి దిబ్బ వాలు ఎంత ఉండాలి, వాననీరు ఎటు పోవాలి, గని వ్యర్థాలను ఆపే కట్ట ఎలా నిలబడాలి అన్నవి వీళ్లకే తెలుస్తాయి. 2019 జనవరిలో బ్రెజిల్‌లోని బ్రుమాడినో దగ్గర అలాంటి కట్ట తెగి 270 మంది చనిపోయారు. అంత ప్రమాదం ఉన్నచోట మొక్కల మాట తర్వాత, ముందు కట్ట గట్టిగా ఉండాలి. మీకు లెక్కలు, యంత్రాలు ఇష్టమైతే ఈ దారిలో నిస్సందేహంగా వెళ్లొచ్చు. ఒక్క ఇబ్బంది ఉంది. రోడ్డుకైనా, కట్టకైనా మట్టిని ఎంత గట్టిగా దిమ్మిస్తే అంత మంచి పని అని సివిల్‌లో నేర్పుతారు. వేరుకు కావలసింది దానికి సరిగ్గా వ్యతిరేకం. ఆ అలవాటు మార్చుకోవడానికి టైమ్ పడుతుంది.

ఎకాలజీ బలం వేరు. ఏ మొక్క ముందు రావాలి, ఏది దాని నీడలో పెరగాలి, పిట్టలు, చీమలు, బూజులు ఎప్పుడు తిరిగొస్తాయి అని ఓపిగ్గా చూడటం నేర్పుతుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలో బాక్సైట్ గనులున్న జారా అడవుల సంగతే చూడండి. అక్కడ కొత్త గుంట తవ్వేముందు పైమట్టిని విడిగా తీసి, వీలైనచోటల్లా దిబ్బగా పోసి నిలవ ఉంచకుండా నేరుగా పాత గుంట మీద పరుస్తారు. అడవి విత్తనాల్లో ఎక్కువ భాగం ఆ పై పొరలోనే ఉంటాయి. నెలల తరబడి కుప్పగా ఉంచితే అవి చచ్చిపోతాయి. ఈ ఆలోచన ఎకాలజీ చదివినవాళ్లకు సహజంగా వస్తుంది.

మరి నేనెందుకు మారాను?

పీజీలో చేరిన మొదటి నెలలోనే మమ్మల్ని ఒక పాత గని దిబ్బ మీదికి తీసుకెళ్లారు. చెట్లు నాటి పన్నెండేళ్లయినా చాలావరకు మనిషి ఎత్తు దాటలేదు, ఆకులు పసుపు తిరిగి ఉన్నాయి. తప్పు జాతి నాటారేమో అన్నాను. మా మాస్టారు ఏమీ అనకుండా పలుగు చేతికిచ్చి తవ్వమన్నారు. మొదటి జానెడు మట్టి మెత్తగా వచ్చింది. ఆ కింద పలుగు ఖంగుమంది. గుంట పక్కగోడను కత్తితో చెక్కి చూస్తే, చెట్టు వేరు నిలువుగా జానెడు దిగి, గోడ తగిలినట్టు పక్కకు తిరిగి, బల్లపరుపుగా పాకుతూ పోయింది. లోడు డంపర్లు తిరిగి తిరిగి ఆ పొరను అణగదొక్కేశాయి. దాని సాంద్రత కొలిస్తే ఘన సెంటీమీటరుకు 1.8 గ్రాములు వచ్చింది. అంత బిగుసుకున్న మట్టిలోకి చాలా మొక్కల వేర్లు దిగలేవు. నాటకముందే రిప్పర్‌తో, అంటే గట్టి నేలను చీల్చే ఇనుప కొక్కెంతో, లోతుగా చీల్చి ఉంటే అదే జాతి, అదే వానకు బతికేది. నాలుగేళ్లు ఎకాలజీ చదివి కూడా ఆ రోజుదాకా నేను ఒక్క గుంట తవ్వలేదు.

చౌడు నేలదీ ఇలాంటి కథే. పైకి తెల్లగా కనిపించే రెండు నేలల్లో ఒకదానిలో ఉన్నది మామూలు ఉప్పు, మంచినీరు పెట్టి కిందికి కడిగేస్తే దారికొస్తుంది. రెండోదానిలో సోడియం బంకమట్టి రేణువులనే పట్టుకుని ఉంటుంది. దాన్నీ అలాగే కడిగితే మట్టి చెదిరి, రంధ్రాలు మూసుకుపోయి, ఇంకా పాడవుతుంది. ముందు జిప్సం వేసి, అందులోని కాల్షియంతో సోడియాన్ని తప్పించాలి. తేడా పట్టించేది భూసార పరీక్షే.

కెనడాలోని సడ్బరీ దగ్గర నికెల్ కొలిమిల పొగకు వేల హెక్టార్లు నల్లబడి మొండి రాళ్లు తేలాయి. 1978 నుంచి అక్కడ మనుషులు సంచులు మోసుకెళ్లి, హెక్టారుకు సుమారు 10 టన్నుల సున్నపురాయి పొడి చేతులతో చల్లారు. మట్టిలో పులుపు (ఆమ్లగుణం) తగ్గాక, అంతదాకా విషంగా ఉన్న లోహాల ప్రభావం తగ్గింది, గడ్డి పట్టుకుంది. తర్వాత నాటిన చెట్లు కోటి దాటాయి. అన్నిటికంటే ముందు పడింది మాత్రం సున్నమే. అందుకే మొదటి డిగ్రీ సాయిల్ సైన్స్ అయితే మేలని నా గట్టి నమ్మకం. మొక్కల సంగతి తర్వాత పీజీలో నేర్చుకోవచ్చు. మట్టి రసాయనం, మట్టిలో నీటి నడక మాత్రం ఆలస్యంగా మొదలుపెడితే చాలా కష్టమనిపిస్తాయి. నాకు అలాగే అనిపించింది.

జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపుల పని), పర్యావరణ చట్టం గురించి కూడా కొందరు అడుగుతున్నారు. రెండూ పనికొస్తాయి, ఒక్కో పేపరుగా తీసుకుంటే చాలు.

ఇప్పటికే ఇంజనీరింగ్‌లోనో ఎకాలజీలోనో చేరిపోయినవాళ్లు టెన్షన్ పడి మానేయాల్సిన పనిలేదు. సాయిల్ ఫిజిక్స్, సాయిల్ కెమిస్ట్రీ ఎలక్టివ్‌లుగా దొరికితే వదలకండి. ఇంకా చేరనివాళ్లు సిలబస్ కంటే ముందు డిపార్ట్‌మెంట్‌ని రెండు విషయాలు అడగండి. కోర్సు మొత్తంలో ఒక్కో విద్యార్థి తన చేత్తో ఎన్ని గుంటలు తవ్వుతాడు? ఏటా వెళ్లి కొలిచే సైట్లలో అన్నిటికంటే పాతది ఎన్నేళ్ల క్రితం నాటింది? మొక్కలు మొదటి రెండేళ్లు పైమట్టిలోని బలంతో ఎక్కడైనా పచ్చగానే ఉంటాయి. వేరు కింది పొరను తాకేది ఆ తర్వాతే. కాబట్టి రెండేళ్ల సైట్లు మాత్రమే చూపించే కోర్సు కంటే, పదిహేనేళ్ల నాటి విఫలమైన దిబ్బను దాచకుండా చూపించే కోర్సులో చేరండి.