నాలుగేళ్ల హాఫ్ ఫేర్ కార్డు, ఒక్క సూపర్ సేవర్ టికెట్టు

స్విట్జర్లాండ్ రైళ్లలో ముందే కొంటే తక్కువకు వచ్చే సూపర్ సేవర్ టికెట్లంటే నాకు కోపం. రైల్వే యాప్‌లో ఆ తక్కువ ధర కనిపించగానే వేలు దానంతటదే పక్కకు జరిగిపోతుంది. ఎందుకో చెప్పాలంటే ముందు టికెట్లు సగం ధరకు ఇప్పించే నా హాఫ్ ఫేర్ కార్డు గురించి చెప్పాలి. బాసెల్‌కు వచ్చిన 2021 నుంచి అదే వాడుతున్నా. ఇక్కడివాళ్ల నోట్లో దాని పేరు హాల్బ్‌టాక్స్. ఏడాదికి 200 ఫ్రాంకుల లోపే. జ్యూరిక్‌కు ఐదారుసార్లు పోయి వస్తే పెట్టిన డబ్బు తిరిగొచ్చేస్తుంది. సగం ధర సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి దాని జోలికి పోను.

నాకు నచ్చేది వేరు. ఆ సగం ధరకు కొన్న మామూలు టికెట్టు ఏ ఒక్క రైలుకూ కట్టుబడి ఉండదు. ఆ రోజంతా, ఆ దారిలో, ఏ బండైనా ఎక్కొచ్చు. కాజీపేటలో టీటీఈగా రిటైరైన మా నాన్నకు ఇది అర్థం చేయించడానికి నాకు అరగంట పట్టింది. "అంటే జనరల్ టికెట్టే కదా, కానీ సీట్లు మెత్తగున్నయి" అని ఆయనే తేల్చేశారు. ఇంతకంటే బాగా నేను చెప్పలేను. సూపర్ సేవర్ ఆ లెక్కన రిజర్వేషన్ టికెట్టు లాంటిది. ఆ రోజు, ఆ బండి, అంతే. మార్చుకోవడం లేదు, డబ్బు వాపసు లేదు. ఎక్కాల్సిన మొదటి బండి లేటై తర్వాతి బండి తప్పిపోతే మాత్రం దాని తర్వాతది ఎక్కొచ్చు. న్యాయంగా ఆ మాట కూడా చెప్పాలి.

2024 జులైలో అమ్మా నాన్నా వచ్చారు. టూరిస్టులకు హాఫ్ ఫేర్ కార్డు నెల రోజులకు ఇస్తారు, అప్పట్లో 120 ఫ్రాంకులు. ఇద్దరికీ తీసేశా. మూడు వారాల ముందు ఒకరాత్రి కూర్చుని ఆల్ప్స్‌లో రైల్లోనే చేరుకోగల మంచు కనుమ యుంగ్‌ఫ్రావ్‌యోఖ్‌కు ప్రయాణం ప్లాన్ చేశా. బాసెల్ నుంచి ఆ కొండల కింది ఊరు ఇంటర్‌లాకెన్‌కు పోనూ రానూ ముగ్గురికీ సూపర్ సేవర్‌లో తీసుకుంటే సగం ధర మీద ఇంకో ముప్పై ఫ్రాంకుల దాకా మిగులుతోంది. ముప్పై ఫ్రాంకులంటే ఇంచుమించు మూడు వేల రూపాయలు. అమ్మకు చెప్పి మురిసిపోయా కూడా.

ఆ రోజు పొద్దున ఆరింటికి లేచి కొండపై వెబ్‌క్యామ్ తెరిచా. స్క్రీను నిండా బూడిద రంగు. రిఫ్రెష్ చేశా, అదే బూడిద. మామూలు టికెట్లయి ఉంటే అప్పటికింకా కొనేదాన్నే కాదు, దుప్పటి కప్పుకుని పడుకునేదాన్ని. కానీ ఏడున్నర ప్రాంతంలో బండి, ముగ్గురి టికెట్లు ఫోన్‌లో ఉన్నాయి, డబ్బు పోతుంది. "మబ్బు కదా, పోయేసరికి విడుతుందిలే" అనుకున్నా. అమ్మ జంతికల డబ్బా సర్దేసింది.

ఇంటర్‌లాకెన్ ఓస్ట్ స్టేషన్‌లో కౌంటరు పైన ఉన్న టీవీలో కూడా అదే బూడిద రంగు. కౌంటర్‌లో ఉన్నావిడ మా పాస్‌పోర్టులు, కార్డులు చూసి, టికెట్లు కొట్టేముందు ఆ తెర వైపు చెయ్యి చూపించి, ఇవాళ పైన ఏమీ కనబడదు, నిజంగా వెళ్తారా అని అడిగింది. అమ్మేవాళ్లే వద్దంటే వినాలి కదా. అప్పుడైనా ఆగాల్సింది. లౌటర్‌బ్రున్నెన్‌లో జలపాతం చూసి, పకోడీల్లాంటివేవో తిని తిరిగొచ్చినా ఆ రోజు గడిచిపోయేది. కానీ వాపసు బండి కూడా సాయంత్రం ఫలానా టైముకే బుక్కై ఉంది. రోజంతా ఏం చేస్తాం అనే టెన్షన్‌లో "వెళ్తాం" అనేశా. యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ పూర్తి టికెట్టు 200 ఫ్రాంకులు దాటుతుంది, కార్డుతో సగమైనా మనిషికి వంద పైనే. ముప్పై మిగిల్చిన మహాతల్లిని, అక్కడ నిలబడి మూడు వందలు పైన చెల్లించా.

గ్రిండెల్వాల్డ్ దగ్గర ఐగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. 2020 డిసెంబరులో మొదలైన రోప్‌వే అది, పావుగంటలో ఐగర్‌గ్లెచర్‌కు చేరుస్తుంది. ఐదో నిమిషానికి మబ్బులోకి దూరింది, ఇక అద్దానికవతల ఏమీ లేదు. అక్కడి నుంచి సొరంగంలో రైలు. పైన 3,454 మీటర్లు. లిఫ్టులో స్ఫింక్స్ టెర్రస్‌కు వెళ్లి తలుపు తోసుకుని బయటకొచ్చాం. ఆల్ప్స్‌లోకెల్లా పొడవైన హిమానీనదం, ఆలెచ్, మా కాళ్ల కింద 20 కిలోమీటర్లకు పైగా పరుచుకుని ఉండాలి. మాకు కనిపించింది ఇనుప రెయిలింగు, దాని మీద పేరుకున్న మంచు, ఆ తర్వాత తెల్లగోడ. నాన్న రెయిలింగు మీంచి చెయ్యి చాపి, వేళ్లు కనబడుతున్నాయో లేదో చూసుకున్నారు. "ఈ పొగమంచు చూడనీకి ఇంత దూరం వచ్చినమా బిడ్డా?" అన్నారు. కోపంగా కాదు, నవ్వుతూనే. అది ఇంకా గుచ్చుకుంది.

లోపలికొచ్చి కూర్చున్నాక అమ్మ సంచిలోంచి చిప్స్ ప్యాకెట్ తీసింది. అది బెలూన్‌లా ఉబ్బి, పగలడానికి సిద్ధంగా ఉంది. పాడైందేమోనని అటూ ఇటూ తిప్పి డేటు చూసింది. పైన గాలి ఒత్తిడి తక్కువని చెబితే, "అందుకే నాకూ ఆయాసం" అంది. ఆ రోజు మేము చూసిన వింత అదొక్కటే. తిరుగుప్రయాణంలో లెక్కంతా విన్న నాన్న, "చారాణ కోడికి బారాణ మసాలా" అని కళ్లు మూసుకుని పడుకున్నారు.

నాలుగు రోజుల తర్వాత శనివారం పొద్దున వెబ్‌క్యామ్‌లో ఆకాశం నీలంగా కనిపించింది. ఈసారి టీ తాగుతూనే టికెట్లు కొన్నా. లుత్సెర్న్ దాకా రైలు, అక్కడి నుంచి విట్స్‌నావ్‌కు గంట పడవ, ఆపైన రిగి కొండకు పళ్ల రైలు, అంటే పట్టాల మధ్యనున్న పళ్ల పట్టాను కరుచుకుంటూ ఎక్కే బండి. పడవకూ పళ్ల రైలుకూ కూడా కార్డుతో సగమే. రిగి మీదికి రైలు 1871లోనే వేశారు, యూరప్‌లో పళ్ల పట్టాతో కొండెక్కిన మొదటి రైలు అదే. విట్స్‌నావ్ ప్లాట్‌ఫామ్ మీద నాన్న వంగి, పట్టాల మధ్య నిచ్చెనలా ఉన్న మూడో పట్టాను ఐదు నిమిషాలు చూశారు. "ఊటీ బండిది వేరే రకం, దానికి పళ్లు వరసలుగా ఉంటయి" అన్నారు. ఊటీ దారిలో వాడింది ఆబ్ట్ పద్ధతి, ఆ రోమన్ ఆబ్ట్ కూడా స్విస్ ఇంజినీరే అని చెబితే, తన సొంత ఊరివాడి పేరు విన్నట్టు తలూపారు. టికెట్ చెకింగ్‌కు వచ్చిన అతన్ని చూసి లేచి నిలబడ్డారు కూడా. అలవాటు.

రిగి కుల్మ్ ఎత్తు 1,798 మీటర్లే. అయినా పైన శిఖరాల పేర్లు చెక్కిన పలక దగ్గర నిలబడితే, దూరంగా వరసలో ఐగర్, మోంఖ్, యుంగ్‌ఫ్రావ్ తెల్లగా కనిపించాయి. మనిషికి వంద పైన పోసి పక్కకు వెళ్లినా చూడలేని కొండను, దానికంటే తక్కువ ఖర్చుతో ఇంత దూరం నుంచి చూశాం. అమ్మ దానికే ఫోటో తీసి "యుంగ్‌ఫ్రావ్ వెళ్లొచ్చాం" అని స్టేటస్ పెట్టుకుంది. అబద్ధమేం కాదు.

ఇలా చెబితే కార్డుకు తిరుగులేదనిపిస్తుంది. అలా ఏం లేదు. నిరుడు మా పిన్ని కొడుకు కుటుంబం డాలస్ నుంచి నాలుగు రోజులకు వచ్చినప్పుడు, నేను గొప్పగా హాఫ్ ఫేర్ కార్డే తీసుకోండన్నా. రోజుకో ఊరు మారారు, జ్యూరిక్, లుత్సెర్న్, ఇంటర్‌లాకెన్, జెర్మాట్. మూడో రోజు రాత్రి వదిన బిల్లులు కూడి చూపించింది. వాళ్లకు స్విస్ ట్రావెల్ పాసే నయం. రైళ్లు, పడవలు, బస్సులు అన్నీ అందులోనే, రిగి కూడా ఉచితం. పిల్లలకు ఫ్యామిలీ కార్డుతో రెండిట్లోనూ ఉచితమే కాబట్టి దాని వల్ల తేడా రాలేదు. పైగా ప్రతి మెట్టుకూ టికెట్టు కొనే గొడవ లేదు. అయితే యుంగ్‌ఫ్రావ్‌యోఖ్‌కు ట్రావెల్ పాస్‌తో గ్రిండెల్వాల్డ్ పైన 25 శాతమే తగ్గింపు, కార్డుతో 50 శాతం. ఆ కొండ ఒక్కటే చూసేవాళ్లకూ, దేశమంతా తిరిగేవాళ్లకూ జవాబు ఒకటి కాదు.

సూపర్ సేవర్ మీద కోపంలో కూడా కాస్త నా పక్షపాతం ఉంది. జ్యూరిక్ నుంచి జెనీవాకు పెళ్లికి వెళ్లేవాళ్లకు వెబ్‌క్యామ్‌తో పని లేదు, హాయిగా కొనుక్కోవచ్చు. ఇంటర్‌లాకెన్‌లో రెండు రాత్రులకే హోటల్ బుక్ చేసుకున్నవాళ్లు, మబ్బు విడిచే దాకా ఆగలేరు కూడా. నేను బాసెల్‌లో ఉంటాను కాబట్టి శనివారం కాకపోతే ఆదివారం అనుకోగలను.

ముందే కొనక తప్పదంటే నేను ఒక రోజంతా దేశంలో ఎటైనా తిరగనిచ్చే సేవర్ డే పాస్ వైపు చూస్తాను. కార్డు ఉంటే 29 ఫ్రాంకుల నుంచి మొదలవుతుంది, ఆలస్యం చేసేకొద్దీ పెరుగుతుంది. తారీఖుకు కట్టుబడాలి గానీ దారికి కాదు. ఈ వసంతంలో గ్రిండెల్వాల్డ్ కోసం కొన్న రోజు ఉత్తరాన వాన. బాసెల్ స్టేషన్‌లోనే మనసు మార్చుకుని దక్షిణాన ఉన్న లుగానో బండి ఎక్కా. గోట్‌హార్డ్ బేస్ సొరంగం 57 కిలోమీటర్లు, అవతలికి వచ్చేసరికి ఎండ. చలికోటు తీసి సంచిలో కుక్కాల్సొచ్చింది.

నాన్న ఇప్పుడు కాజీపేటలో పొద్దున పది దాటాక, ఇక్కడ నాకు ఏడవుతుండగా, యుంగ్‌ఫ్రావ్ వెబ్‌క్యామ్ స్క్రీన్‌షాట్ వాట్సాప్‌లో పంపుతున్నారు. "ఈ రోజు క్లియర్" అని. ఎప్పుడు చూసినా అది మంగళవారమో బుధవారమో అయి ఉంటుంది, నేనేమో ఆఫీసుకు ట్రామ్‌లో ఉంటాను.