శనగ చేలో మిత్ర ఈగల గుర్తింపు: ఐనాచురలిస్ట్ యాప్ పనితీరు

నాగులుప్పలపాడు వైపు శనగ వేసే రైతుల్లో చాలామంది, తమ పిల్లపురుగులు శనగపచ్చ పురుగును లోపలి నుంచి తిని చంపే టాకినిడ్ ఈగలను ఇంట్లో ముసిరే ఈగలుగానే అనుకుంటారు. ఈ మిత్రపురుగులను ఫోటోల ద్వారా గుర్తించడానికి నేను ఐనాచురలిస్ట్ యాప్‌ను వాడుతున్నాను. 2008లో బర్కిలీ విశ్వవిద్యాలయ విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైన ఈ సేవకు రుసుము లేదు.

ఫోటో ఎక్కించగానే కంప్యూటర్ కొన్ని పేర్లు సూచిస్తుంది కానీ, మొదటి పేరునే జాతిగా ఖాయం చేసుకోకూడదు. ఇప్పటికి వర్ణించిన టాకినిడ్ జాతులే 8,000కు పైగా ఉన్నాయి. వాటిలో చాలావాటికి తగినన్ని ఫోటోలు లేనందున, యాప్ తనకు తెలిసినవాటిలో దగ్గరి పోలికనే చూపుతుంది. ఈ సేవకు అసలు విలువ తెచ్చేది ఆ తర్వాత జరిగే మనుషుల పరిశీలన. ఫోటోలో ఆధారం చాలకపోతే, తెలిసినవారు జాతి దాకా పోకుండా కుటుంబం (దగ్గరి జాతులన్నీ చేరే పెద్ద గుంపు) పేరు దగ్గరే ఆగిపోతారు. ఆ నిగ్రహం వల్లనే నాకు దీని మీద గురి కుదిరింది.

పైనుంచి తీసిన ఒక్క ఫోటో దేనికీ చాలదు. ఫోన్‌కు మాక్రో లెన్సు తగిలించి, పొద్దున్నే చలికి ఈగ మందకొడిగా ఉన్నప్పుడు పక్కనుంచి తీస్తే, వీపు చివరనున్న చిన్న పలక కింద గుండ్రని ఉబ్బు కనిపిస్తుంది. చూడటానికి వీటిలాగే ఉండే మాంసపు ఈగల్లో ఆ ఉబ్బు అలా పెరగదు కనుక, టాకినిడ్‌ను వేరు చేయడానికి అది గట్టి గుర్తు. ముఖం, రెక్కల ఈనెలు, ఒంటి మీది ముళ్లవంటి వెంట్రుకలు కూడా విడివిడిగా తీయాలి. ఇంత చేసినా, శనగపచ్చ పురుగును ఆశించే కార్సీలియా ఇల్లోటా వంటి జాతిని ఫోటోతోనే తేల్చడం కష్టం; సూక్ష్మదర్శిని కింద చూడవలసిన భాగాలు ఉంటాయి.

అందుకే పురుగును శనగ కాయలతో సహా డబ్బాలో పెంచి, దానినుంచి వెలువడిన ఈగను ఫోటో తీసి, ఏ పంట మీద ఏ పురుగులోంచి వచ్చిందో వివరంగా రాయమని నా సలహా. పరిశీలకులకు ఆ ఒక్క వాక్యం ఎంతో ఉపయోగపడుతుంది. చేను ఎక్కడుందో అందరికీ తెలియకూడదనుకుంటే, కచ్చితమైన చోటు కనబడకుండా చేసే సదుపాయం యాప్‌లోనే ఉంది.