పేరు మార్చిన మెడల్ అంటగట్టి, రిటర్న్ అనగానే సాగదీసే అమ్మకందార్లతో జాగ్రత్త

బ్రిటన్‌లో మొదటి ప్రపంచ యుద్ధపు మెడళ్లు ఆన్‌లైన్‌లో కొనేవాళ్ల కోసం ఇది. మెడల్ అసలుదే, వెండీ అసలుదే, అంచు మీద ఉండే సైనికుడి పేరు మాత్రం చెరిపి వేరే సైనికుడి పేరు కొట్టిన సరుకు సంగతి. బ్రిటిష్ వార్ మెడల్ వెండివి దాదాపు 65 లక్షలు ఇచ్చారు కాబట్టి మామూలు సైనికుడిది చవక. అదే 1916 జులై 1న సోమ్ యుద్ధంలో చనిపోయినవాడి పేరుంటే ధర ఎన్నో రెట్లు. పేరు మార్చేది అందుకే.

పార్సిల్ విప్పిన రోజే కాలిపర్‌తో కొలవండి. వ్యాసం 36 మి.మీ. ఉండాలి. అంచు చుట్టూ నాలుగైదు చోట్ల కొలిచి చూస్తే, ఆకురాయి పెట్టిన చోట తగ్గుతుంది. లేత్ మీద అరగదీస్తే చుట్టూరా తగ్గుతుంది. తర్వాత 10 రెట్ల భూతద్దంతో అక్షరాలు చూడండి. అసలు అక్షరాలు మిషన్‌తో అచ్చుకొట్టినవి, లోతు ఒకేలా ఉంటుంది. ఒక్కో అక్షరం ఒక్కో లోతులో ఉన్నా, చెక్కినట్టు గీతలున్నా అనుమానించాల్సిందే. ‘అధికారికంగా సరిదిద్దిన పేరు’ అని అమ్మకందారు అనొచ్చు. అలాంటివి నిజంగానే ఉన్నాయి గానీ, సాధారణంగా ఒకటి రెండు అక్షరాలో అంకెలో మారతాయి, లైను మొత్తం మారదు.

‘రోల్‌లో (మెడల్ ఎవరెవరికి ఇచ్చారో రాసిన జాబితాలో) పేరుంది చూడండి’ అన్న మాటకు పడిపోకండి. లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 329 వరుసలోని ఆ రోల్స్, డబ్ల్యూఓ 372 వరుసలోని మెడల్ కార్డులు ఎవరైనా చూడొచ్చు. పేరు మార్చేవాడు ఆ పేరు తెచ్చుకునేదీ అక్కడి నుంచే!

ఇక అసలు చిక్కు వాపసు దగ్గర. ‘మా నిపుణుడికి చూపిస్తా’, ‘ఊళ్లో లేను’, ‘పాత కలెక్షన్ నుంచి వచ్చింది, తప్పయ్యే అవకాశమే లేదు’ అంటూ నీళ్లు నములుతారు. ఆ మాటలన్నీ గడువు దాటించడానికే. మెడల్ అసలుదా కాదా అనే వాదనలోకి మొదట దిగొద్దు. అమ్మినది వ్యాపారి అయి, ఆన్‌లైన్లోనో ఫోన్లోనో కొన్నట్టయితే, 2013 నాటి వినియోగదారుల ఒప్పందాల నిబంధనల ప్రకారం చేతికొచ్చిన మర్నాటి నుంచి 14 రోజుల్లో కారణం చెప్పకుండానే రద్దు చేసుకోవచ్చు. ‘ఈ కొనుగోలు రద్దు చేస్తున్నాను’ అని ఆర్డర్ నంబరుతో ఒక్క ఈమెయిల్ చాలు. నకిలీ అన్న మాట అందులో రాయకండి. ఆ తర్వాత 14 రోజుల్లో వస్తువు పంపాలి. అది అందినా, పంపినట్టు రుజువు అందినా, ఏది ముందైతే అక్కణ్నుంచి 14 రోజుల్లో డబ్బు వెనక్కి రావాలి. ‘నో రిటర్న్స్’ అని రాసి పెట్టినా ఈ హక్కు పోదు.

14 రోజులు దాటితే 2015 వినియోగదారుల హక్కుల చట్టం కింద 30 రోజుల వరకు తిరస్కరించవచ్చు. అప్పుడు వస్తువు వర్ణనకు తగ్గట్టు లేదని చూపించాల్సింది మీరే, కొలతలు, ఫొటోలు అక్కడ పనికొస్తాయి. ప్రైవేటు వ్యక్తి దగ్గర కొంటే 14 రోజుల సౌకర్యం లేదు, వర్ణన ఒక్కటే ఆధారం. అందుకే కొనేముందే పేజీ స్క్రీన్‌షాట్ తీయండి. ‘ఫలానా సైనికుడి పేరు ఉంది’ అని రాస్తే అది అసలు పేరని హామీ ఇచ్చినట్టు కాదు. ‘పేరు అధికారికంగా అచ్చుకొట్టినదే’ అని మెసేజ్‌లో రాయించుకోండి. రాయడానికి వెనకాడితే ఆ మెడల్ వదిలేయండి.

డబ్బు కట్టే పద్ధతి కూడా ముఖ్యం. పేపాల్‌లో ‘ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ’ పద్ధతిలో కట్టమని అడిగితే అక్కడే ఆగండి, దానికి కొనుగోలుదారు రక్షణ లేదు. 100 పౌండ్లు దాటి 30,000 పౌండ్ల లోపు వస్తువుకు నేరుగా క్రెడిట్ కార్డు వాడితే 1974 వినియోగదారుల రుణ చట్టం సెక్షన్ 75 కింద బ్యాంకుకూ బాధ్యత ఉంటుంది. పేపాల్ మీదుగా కార్డు వాడితే ఆ హక్కు తెగిపోవచ్చు. పేపాల్‌లో వివాదం తెరవడానికి 180 రోజులుంటాయి, తెరిచాక 20 రోజుల్లో దాన్ని క్లెయిమ్‌గా (పేపాల్‌నే తేల్చమని కోరడంగా) మార్చకపోతే దానంతటదే మూసుకుపోతుంది. ‘వివాదం మూసేయండి, రేపే డబ్బు వేస్తా’ అంటే మూయకండి, మళ్లీ తెరుచుకోదు.

తిరిగి పంపేముందు అంచు చుట్టూ, రెండు వైపులా, ప్రతి నొక్కూ కనపడేలా ఫొటోలు తీయండి. ‘ఇది నేను పంపిన మెడల్ కాదు’ అని బుకాయించేవాళ్లున్నారు. పాలిష్ పెట్టొద్దు, రిబ్బన్ మార్చొద్దు, పరీక్షంటూ గీకొద్దు. విలువ తగ్గించారని డబ్బు కోసేందుకు సాకు దొరుకుతుంది. రాయల్ మెయిల్ స్పెషల్ డెలివరీలో విలువకు తగ్గ బీమాతో పంపి రసీదు దాచండి.

గట్టిగా నిలబడితే చివరకు ‘ఉంచుకోండి, కొంత వెనక్కిస్తా’ అంటారు. తీసుకుంటే వ్యవహారం పరిష్కారమైనట్టే లెక్క కట్టొచ్చు. పూర్తి సొమ్ము ఇవ్వకపోతే గడువు పెట్టి చివరి లేఖ రాసి, ఇంగ్లండ్, వేల్స్‌లో 10,000 పౌండ్ల వరకు స్మాల్ క్లెయిమ్స్‌లో దావా వేయవచ్చు.