చెన్నై ఉక్కలో కంప్రెసర్, ఎయిర్‌బ్రష్: డ్రాగ్ కార్ల మీద ఏళ్ళ తరబడి వాడాక

ముందే చెప్పేస్తాను. చెన్నైలో ఉంటూ స్కేల్ మోడళ్ళకు, అంటే అసలు బండిని కొలత ప్రకారం కుదించిన బొమ్మలకు, రంగు కొట్టాలనుకునేవాళ్ళు ఎయిర్‌బ్రష్ (గాలితో రంగును సన్నగా చిమ్మే పెన్నులాంటి పరికరం) కంటే దానికి గాలినిచ్చే కంప్రెసర్ మీద ఎక్కువ ఖర్చు పెట్టండి. ఖరీదైన జపాన్ బ్రష్ కొని, దాన్ని ట్యాంకు లేని బుల్లి కంప్రెసర్‌కు తగిలించుకున్నవాళ్ళు నాకు తెలుసు. మామూలు బ్రష్‌తో సరిపెట్టుకుని, ట్యాంకున్న కంప్రెసర్‌కు తేమ పట్టే ఫిల్టర్లు రెండు బిగించుకున్నవాళ్ళూ తెలుసు. పక్కపక్కన పెట్టి చూస్తే రెండోవాళ్ళ కార్లే మెరుస్తాయి.

నా దగ్గరున్నది 3 లీటర్ల ట్యాంకు, 1/6 హార్స్‌పవర్ మోటారు ఉన్న, ఆయిల్ పోయనక్కర్లేని పిస్టన్ కంప్రెసర్. ఇదే డిజైన్‌ను రకరకాల పేర్ల స్టిక్కర్లు అంటించి అమ్ముతుంటారు కాబట్టి పేరుతో పని లేదు. ట్యాంకులో ఒత్తిడి 4 బార్లకు చేరగానే ఆగుతుంది, 3 బార్లకు దిగగానే మళ్ళీ అందుకుంటుంది. దానికి 0.3 మిల్లీమీటర్ల నాజిల్ ఉన్న డ్యుయల్ యాక్షన్ బ్రష్ (మీట నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు వచ్చేది) తగిలించాను. కట్టేవి ఎక్కువగా 1/25 స్కేలు అమెరికన్ డ్రాగ్ కార్లు, అంటే తిన్నటి దారిలో కొద్ది దూరపు పందేనికి చేసినవి: డ్రైవరు వెనక చక్రాలకు వెనకాల కూర్చునే 1960ల నాటి పొడుగాటి స్లింగ్‌షాట్ డ్రాగ్‌స్టర్లు, మామూలు కారులా కనిపించే ఒకే ముక్క బాడీ తొడిగిన 1970ల ఫన్నీ కార్లు. నేను కళ్ళారా చూసిన డ్రాగ్ రేసులంటారా, అవి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో బైకులవి. అది వేరే సంగతి.

డ్రాగ్ కార్ల సంగతి ఎందుకు ఎత్తానంటే, ఎయిర్‌బ్రష్‌కు వీటిని మించిన పరీక్ష లేదు. యుద్ధ ట్యాంకు కట్టేవాళ్ళు పొరపాటు జరిగితే దాని మీద బురద పూసేస్తారు, పైగా మెచ్చుకోలు కూడా కొట్టేస్తారు. ఫన్నీ కారులో అలా కుదరదు. అంత పెద్ద నున్నటి బాడీ మీద అద్దంలాంటి మెరుపుండాలి. పైగా స్కేలు లెక్క ఒకటుంది. కుంచెతో వేసిన పొర 0.1 మిల్లీమీటరు మందమున్నా, 1/25లో అది అసలు కారు మీద రెండున్నర మిల్లీమీటర్ల రంగుతో సమానం. డోరు గీతలు పూడిపోతాయి, ఛాసిస్ గొట్టాలు లావెక్కిపోతాయి. తళుకు రేణువులు కలిపిన మెటల్‌ఫ్లేక్ రంగు సంగతి ఇంకా ఘోరం. నిజమైన కారు మీద వాడే 0.2 మిల్లీమీటర్ల తళుకును తెచ్చి ఈ స్కేలు కారు మీద వేస్తే, ఒక్కో రేణువు 5 మిల్లీమీటర్ల గులకరాయిలా కనిపిస్తుంది.

ఇక క్యాండీ రంగు, అంటే మెరిసే బేస్ మీద పారదర్శకమైన రంగు వేసి తెచ్చే లోతైన మెరుపు. ముందు వెండి రంగు బేస్. నేను వాడేది జపాన్ కంపెనీ తమియా వాళ్ళ ఎల్‌పి-11. దాని మీద వాళ్ళదే ఎక్స్-27 క్లియర్ రెడ్‌ను, నిదానంగా ఆరే లెవెలింగ్ థిన్నర్‌తో బాగా పల్చన చేసి, పొర మీద పొర వేయాలి. పారదర్శకమైన రంగు కాబట్టి ప్రతి పొరకూ ఎరుపు ముదురుతుంది. రెండో పొరకు గులాబీ, నాలుగో పొరకు దానిమ్మ గింజ, ఆ తర్వాత నెమ్మదిగా రక్తం రంగులోకి దిగుతుంది. ఎక్కడ చెయ్యి ఒక్క క్షణం ఆగినా అక్కడ ముదురు మచ్చ పడుతుంది. ట్యాంకు లేని కంప్రెసర్‌లో పిస్టన్ కొట్టుడు నేరుగా పైపులోకి వస్తుంది కాబట్టి, హుడ్ మీద లేత చార, ముదురు చార వరుసగా పడతాయి. ట్యాంకున్నదానిలో ఆ బాధ లేదు. ఇన్నేళ్ళలో నా కంప్రెసర్ విషయంలో వంక పెట్టలేనిది అదొక్కటే.

వంక పెట్టాల్సింది నీళ్ళ విషయంలో. 30 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఇక్కడ మామూలే. అలాంటి గాలిని ఘనమీటరు తీసుకుని 4 బార్లకు నొక్కి మళ్ళీ 30 డిగ్రీలకు చల్లారిస్తే, దాదాపు 17 గ్రాముల నీరు విడిపోతుంది. అది ట్యాంకు అడుగునైనా చేరాలి, మీ కారు మీదైనా పడాలి. క్యాండీ చివరి పొరలో, రూఫ్ మీద సరిగ్గా మధ్యలో, టప్పుమని ఒక చుక్క ఉమ్మితే చుట్టూ రంగు పక్కకు జరిగి, నడుమ వెండి రంగు కన్ను తెరుస్తుంది. వాటర్ పేపర్‌తో రుద్దుదామంటే కింది వెండి కూడా లేచిపోతుంది. బాడీ మొత్తం ఒలిచి మొదటి నుంచి మొదలుపెట్టడమే.

కంప్రెసర్‌తో పాటు వచ్చే ఫిల్టర్ ఒంటి మీదే బిగించి ఉంటుంది. కాసేపు ఆగకుండా పని చేయించామంటే ట్యాంకు నుంచి వచ్చే గాలి ఇంకా గోరువెచ్చగానే ఉంటుంది. వేడి గాలిలో నీరు ఆవిరిగానే ఉండి, ఫిల్టర్‌ను దర్జాగా దాటేసి, పైపులో చల్లారాక చుక్కలవుతుంది. అందుకే రెండో ఫిల్టర్‌ను పైపు చివర, బ్రష్ పిడి దగ్గర పెట్టుకోవాలి. చిన్న పారదర్శకమైన గొట్టంలా ఉంటుంది, అడుగున మీట నొక్కితే నీళ్ళు పోతాయి. నా సెటప్‌లో అన్నిటికంటే చవకైనదీ అదే, ఎక్కువ పనికొచ్చినదీ అదే. ట్యాంకు అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ కూడా కూర్చున్న ప్రతిసారీ విప్పాలి. లేకపోతే లోపల తుప్పు పడుతుంది. విప్పినప్పుడు కాఫీ రంగు నీళ్ళు వస్తే తుప్పు మొదలైనట్టే.

పైపులో నీళ్ళను ఆపినా గదిలో తేమ అలాగే ఉంటుంది. లాకర్ (lacquer) అనే త్వరగా ఆరే పెయింట్‌లోని థిన్నర్ చటుక్కున ఆవిరై ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి గాలిలో తేమ దాని మీద కూర్చుంటుంది, మెరవాల్సిన నలుపు పాలు చల్లినట్టు తెల్లబారుతుంది. నిదానంగా ఆరే లెవెలింగ్ థిన్నర్ ఉన్నది ఇందుకే. తెల్లబారిన చోట కూడా ఎండ కాసిన రోజు చూసి అదే థిన్నర్‌ను పల్చగా చల్లితే చాలావరకు తేటపడుతుంది. అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాలు దిగాక నేను క్లియర్ కోట్ (మెరుపు కోసం చివర్లో వేసే రంగులేని పొర) జోలికి పోను. అప్పుడు లప్పం పనులు, ఇంజన్ పనులు చేసుకుంటాను. మే నెలలో మాత్రం ఉదయం పదీ పదకొండు గంటలకు, సముద్రపు గాలి తిరగకముందు, పడమటి గాలి పొడిగా వీస్తుంది. నలభై డిగ్రీల ఎండలో చెమటలు కక్కుతూ కూర్చోవాలి కానీ, మెరుపు మాత్రం ఆ టైములో వచ్చినట్టు ఇంకెప్పుడూ రాదు. ఏసీ వేసుకోవచ్చు కదా అంటారు. వేసుకోవచ్చు. కానీ లాకర్ వాసనను బయటికి నెట్టే ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఏసీ చేసిన పొడి గాలినంతా కూడా నెట్టేస్తుంది. గదిని ముందు ఆరబెట్టి, ఫ్యాన్ వేసి, చకచకా ఒక పొర కొట్టి ఆపడం తప్ప దారి లేదు. ఫ్యాన్ ఆపేసి మూసిన గదిలో మాత్రం కొట్టకండి. ఆ ఆవిరి ఊపిరితిత్తులకు చేటు, నిప్పంటుకునే సరుకు. కార్బన్ ఫిల్టర్ ఉన్న మాస్కు తప్పనిసరి.

కిట్‌ను మార్చి కట్టేవాళ్ళకు ఈ సెటప్ ప్రైమర్ దగ్గరే డబ్బులు రాబట్టేస్తుంది. 1965లో క్రైస్లర్ ఫ్యాక్టరీ డ్రాగ్ కార్లకు వెనక చక్రాలను 15 అంగుళాలు, ముందు చక్రాలను 10 అంగుళాలు ముందుకు జరిపారు. మన స్కేలులో అది దాదాపు 15, 10 మిల్లీమీటర్లు. మామూలు కిట్ బాడీని రంపంతో కోసి, చక్రాల వంపులు జరిపి, లప్పం పెట్టి రుద్దాక, అతుకు కనబడుతోందో లేదో కంటికి తెలియదు. పల్చటి బూడిద రంగు ప్రైమర్ పొర పడగానే తెలిసిపోతుంది. డబ్బా స్ప్రేతో అయితే ఆ పొరే మందమై, కోసి తెచ్చిన పదునైన అంచులు గుండ్రబడతాయి.

ఇంజన్ వైర్లకు కూడా ఇదే బ్రష్. ఎలక్ట్రానిక్స్ సామాను అమ్మే రిచీ స్ట్రీట్‌లో దొరికే 30 గేజ్ వైండింగ్ తీగ మందం 0.315 మిల్లీమీటర్లు. అసలు కారులో 8 మిల్లీమీటర్ల ప్లగ్ వైరుకు అచ్చంగా సరిపోతుంది. కుంచెతో రంగు వేస్తే వంచినప్పుడు పెచ్చులూడుతుంది, ఎయిర్‌బ్రష్ పొర అంత తేలిగ్గా ఊడదు. క్రైస్లర్ వాళ్ళ 426 హెమీ ఇంజన్‌లో ప్లగ్ వైర్లు వాల్వ్ కవర్ల నడుమ ఉన్న రంధ్రాల్లోంచి లోపలికి దిగుతాయి. ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరస, 1-8-4-3-6-5-7-2. ఎవరూ లెక్కపెట్టరు, నిజమే. నేను లెక్కపెడతాను.

రిపేర్ల విషయానికొస్తే, మొదట మొరాయించింది, ట్యాంకు గాలి వెనక్కి పోకుండా ఆపే చెక్ వాల్వ్. బ్రష్ ముట్టుకోకపోయినా మోటారు ఉండుండి దానంతటదే మొదలయ్యేది. కింది ఇంటి అత్తయ్యగారు, "ఏం బాబూ, మీ ఫ్రిజ్ గానీ పాడైందా? ఒకటే గురగుర!" అని అడిగేదాకా వచ్చింది. వాల్వ్ విప్పి లోపలి రబ్బరు తుడిచి, మరలకు టెఫ్లాన్ టేపు చుట్టాక సరిపోయింది. తర్వాత పిస్టన్ సీలు అరిగింది. ట్యాంకు నిండడానికి పట్టే సమయం మెల్లమెల్లగా పెరుగుతుంది కాబట్టి వెంటనే పసిగట్టలేం. ఆన్‌లైన్‌లో సీలు విడిగా దొరుకుతుంది, ఒక సాయంత్రం పని. బ్రష్‌లో లోపలి ఓ-రింగు రబ్బరుది అయితే లాకర్ థిన్నర్‌కు ఉబ్బిపోతుంది. టెఫ్లాన్ ప్యాకింగ్ ఉన్నదే అడిగి తీసుకోండి. బ్రష్ లోపలి నీడిల్ (సూది) మొన వంగిందా, గీత పక్కకు లాగుతుంది. గోటి మీద మెల్లగా తిప్పుతూ చూస్తే వంపు తెలిసిపోతుంది. పుదుపేట వైపు కారు పెయింట్ షాపుల్లో దొరికే లోకల్ థిన్నర్ బ్రష్ కడగడానికి భేషుగ్గా ఉంటుంది, కానీ ఉత్త ప్లాస్టిక్ మీద పడిందంటే పగుళ్ళు తేలుస్తుంది.

ఇప్పుడు కొత్తగా కొనాల్సి వస్తే రెండు సిలిండర్ల మోటారున్నది తీసుకుంటాను. 1/25 బాడీకి ఒంటి సిలిండరు బోలెడు. 1/16 ఫన్నీ కారు బాడీకి ప్రైమర్ కొట్టేటప్పుడు మాత్రం ట్యాంకు ఇట్టే ఖాళీ అవుతుంది, మోటారు ఆగకుండా తిరిగి చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది, ఆ వేడి గాలితో పాటే నీళ్ళు కూడా వచ్చేస్తాయి. ప్రస్తుతానికి ఒక పక్క కొట్టి, అరగంట ఆపి, ట్యాంకు నీళ్ళు వదిలి, రెండో పక్క కొడుతున్నాను.